లోపం లేని తుపాకీ

“ఒక్క రబ్బరు రింగు తీసెయ్ అన్నయ్యా. అంతే చాలు,” అంది చెల్లెలు.

మెకానిక్ తల ఎత్తలేదు. క్లబ్బు రిపేరు గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పెయింట్‌బాల్ తుపాకీని విప్పుతున్నాడు. ముందు గాలి సిలిండర్ ఊడదీసి పక్కన పెట్టాడు. మూతిని గోడవైపు తిప్పి, ట్రిగ్గర్ నొక్కి, లోపల మిగిలిన గాలిని వదిలేశాడు. టప్‌మని చిన్న చప్పుడు.

“వింటున్నావా?”

“వింటున్నాను.”

“అది ఎవరి తుపాకీయో మర్చిపోయావా?”

మర్చిపోయే విషయం కాదు. అది ఆమె మాజీ మొగుడిది. వరసగా ఆరేళ్లు కప్పు కొట్టిన ఛాంపియన్. రేపు పొద్దున మళ్లీ ఫైనల్. ఈ ఆరేళ్లూ ఆ తుపాకీని కడిగి, తుడిచి, బిగించింది ఈ అన్నే. కాపురం నిలిచినన్నాళ్లూ “బావగారూ, మీదే భారం” అంటూ తెచ్చి చేతికిచ్చేవాడు ఛాంపియన్. ఇప్పుడు “ఏం మెకానిక్కూ, తళతళలాడాలి” అని బల్ల మీద పడేసి పోతున్నాడు.

కిందటేడు ఇంకొకామెను ఇంటికి తెచ్చుకుని, ఈమెను బయటికి పంపాడు. అక్కడితో ఆగినా బాగుండేది. చెల్లెలు ఇదే క్లబ్బు రిసెప్షన్‌లో పనిచేసేది. “ఆ ముఖం కనబడితే నా ఏకాగ్రత చెడుతోంది” అని మేనేజరుకు చెప్పి ఆ ఉద్యోగమూ ఊడగొట్టించాడు. ఛాంపియన్ మాట. కాదనేవాళ్లెవరు? రేపు గెలిస్తే క్లబ్బుకు హెడ్ కోచ్ అతనే. “కుర్చీ ఎక్కగానే ఆ రిపేరు గది ఖాళీ చేయిస్తా” అని నలుగురిలో నవ్వుతూ అన్నాడట.

ఇంత జరిగినా అన్నకు చీమ కుట్టినట్టయినా లేదే అని ఆమె కడుపుమంట.

అతను గుడ్డ చుట్టిన పుల్లను గొట్టంలోకి దూర్చి లాగాడు. ఎండిన పెయింటు పొడిపొడిగా రాలింది. పాత టూత్‌బ్రష్‌ను గోరువెచ్చటి నీళ్లలో ముంచి గుండ్లు దిగే చోట తోమాడు. రబ్బరు రింగులను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. ఒకదాని మీద వెంట్రుకంత చీలిక కనిపించింది. దాన్ని తీసి కొత్తది వేశాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“తీసెయ్యమంటే కొత్తది వేస్తావా? నీకసలు రోషం ఉందా?”

“చీలిన రింగుంటే గాలి కారిపోతుందమ్మా. గుండు దారి తప్పుతుంది.”

“తప్పనీ. నాకు కావలసిందే అది.”

“తనిఖీలో పట్టేస్తారు. వాడికి జాలి, నాకు జైలు. అదా నీకు కావలసింది?”

పైనుండే సైట్‌ను, అంటే గురి చూసుకునే చిన్న అద్దాన్ని, ఊది తుడిచి బిగించాడు. ట్రిగ్గర్ కీలుకు ఒక చుక్క నూనె వేశాడు. పొడిగుడ్డతో మొత్తం తుడిచాడు. పసిబిడ్డకు స్నానం చేయించినంత ముద్దుగా చేస్తున్నాడు. చూడలేకపోయింది.

“నువ్వు నాకు అన్నవి కాదు. వాడికి నౌకరువి,” అని విసురుగా వెళ్లిపోయింది.

సాయంత్రం నిర్వాహకులు వచ్చి, తుపాకీ వేగం కొలిచి, పెట్టెలో పెట్టి సీలు వేశారు. ఆట మొదలయ్యేదాకా ఒక్క గుండు కూడా పేల్చడానికి వీల్లేదు.

మర్నాడు వెళ్లకూడదనుకుంటూనే వెళ్లింది. టోపీ కళ్ల మీదకు లాక్కుని చివరి వరసలో కూర్చుంది. ఛాంపియన్‌కు ఎదురుగా ఒక బస్సు డ్రైవరు. ఫైనల్ దాకా రావడం అతనికి ఇదే మొదటిసారి. గుండు తగిలినవాడు ఆ రౌండ్ ఓడినట్టు. మూడు రౌండ్లూ ఆడాల్సిందే.

ఛాంపియన్ తొణక్కుండా గురి చూసి కొట్టాడు. గుండు డ్రైవరు భుజం పక్కనుంచి జానెడు దూరంలో పోయి వెనక చెక్కను పసుపు చేసింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అక్కడికే. ఈలోగా డ్రైవరు గుండు వచ్చి అతని ఛాతీ మీద పగిలింది.

రెండో రౌండూ అంతే. మూడో రౌండ్‌లో ఛాంపియన్ ఒకటే బాదుడు. ఒక్కటీ తగల్లేదు.

మాస్కు నేలకేసి కొట్టాడు. “నా తుపాకీ పాడుచేశారు. ఆ మెకానిక్కుకు నా మీద కక్ష. పిలవండి వాణ్ణి.”

ఆమె టోపీ పైకి తోసి లేచి నిలబడింది. లోపల ఒక పాడు సంతోషం. అంటే, అన్నయ్య నా మాట విన్నాడా? అంతలోనే భయం. ఇప్పుడు దొరికిపోతాడే.

రిఫరీ అందరి ముందే తుపాకీ విప్పించాడు. ప్రతి రింగూ కొత్తదానిలా ఉంది. చిన్న మరక లేదు. ఇలా కాదని తుపాకీని ఇనుప పట్టులో కదలకుండా బిగించి, ఎదురుగా గురిపలక పెట్టి, సైట్ దాని నడిబొడ్డుకు కుదిరేలా చూశాడు. ఎవరి చెయ్యీ తగలకుండా ట్రిగ్గర్‌కు దారం కట్టి లాగించాడు. పది గుండ్లు. పదీ నడిబొడ్డునే పగిలాయి.

“ఇంత శుభ్రంగా ఉన్న తుపాకీ ఈ పోటీలో ఇంకోటి లేదు,” అన్నాడు రిఫరీ. “లోపం దీనిలో లేదు బాబూ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసలన్నీ పాకింది. ఛాంపియన్ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అతని కొత్త పెళ్లాం కూడా ఫోనులోకి తల దించుకుంది. మేనేజరు వెళ్లి బస్సు డ్రైవరు చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు.

ఆమె ఒక్క పరుగున రిపేరు గదికి వచ్చింది. అన్న సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు.

“నిజం చెప్పు. ఏం చేశావు?”

అతను తాపీగా చేతులు తుడుచుకున్నాడు.

“ఏమీ చేయలేదమ్మా, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా వాడి చెయ్యి ఎడమకు లాగుతుందని ఆరేళ్లుగా వాడికే తెలియకుండా ఆ మేరకు సైట్‌ను ఒంకరగా బిగిస్తూ వచ్చాను, ఈసారి తిన్నగా బిగించాను.”