మూడొందల ఒకటో కొంగ

కొంగలు రావడం మానేసినా కొంగల మీద పరిశోధన మాత్రం ఎవరూ మానలేదు. ఏటా సీజను రాగానే చింతచెట్లకు మూడొందల మర కొంగల్ని బిగిస్తారు. పొద్దున్నే వాటిని లెక్కపెట్టి చెప్పడం అసిరమ్మ పని.

ఆ పొద్దున మూడొందల ఒకటి తేలాయి. చివరి కొమ్మ మీదది రెట్ట వేసింది. అసిరమ్మ గబగబా ఫోన్ తీసింది. ఆ ఊళ్లో కొంగంటే పురిటికొచ్చిన ఆడపిల్లే.

"సారూ, నిజం కొంగొచ్చినాది! మర కొంగ పక్కన పుల్లలు పేరుస్తంది" అంది ఫోన్లో.

"లెక్క తేడా వస్తే నివేదిక వెనక్కొస్తుంది. రేపటికి మూడొందలే ఉండాలి" అన్నాడు పరిశోధన అధికారి.

పురిటికొచ్చిన పిల్లను తరమడానికి అసిరమ్మకు చేతులు రాలేదు. నిచ్చెన వేసి, పక్కనున్న మర కొంగను విప్పి దించి షెడ్డులో పెట్టింది. లెక్కా సరిపోతుంది, పురిటిమనిషికి చోటూ ఇరుకవదు అనుకుంది.

మర్నాడు ఆ నిజం కొంగ ముక్కున పుల్లతో, మర కొంగను తీసేసిన ఖాళీ కొమ్మ చుట్టూ తిరుగుతోంది. అది ఎవరి కోసం గూడు కడుతోందో అప్పుడు తెలిసింది అసిరమ్మకు. షెడ్డుకు పరిగెత్తి మర కొంగను మోసుకొచ్చేసరికి పుల్ల నేల మీద పడి ఉంది. కొంగ లేదు.

"ఒకటి తగ్గిందేం?" ఆ పొద్దుటి లెక్క విని ఫోన్లో అధికారి.

"పెట్టేస్తన్నాను సారూ."

బిగించి మీట నొక్కింది. మర కొంగ రోజూలాగే తల తిప్పి ముక్కు టకటకలాడించింది.

"ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడాయన ఫోన్లో ఆ చప్పుడు విని.