వినే గది

శత్రువుల ఫోన్ మాటలు రహస్యంగా విని, తర్జుమా చేసి పైకి పంపడం ఆమె ఉద్యోగం. "మూడు సరిహద్దుల్లోనూ సంధికి మెత్తబడ్డారు సార్," అని సాయంత్రమే చెప్పింది. ఆ మాట నమ్మి మనవాళ్లు సరిహద్దు కొండ మీది స్థావరం ఖాళీ చేస్తున్నారు. వాళ్లలో ఆమె తమ్ముడూ ఉన్నాడు.

అర్ధరాత్రి గదిలో ఒక్కతే ఉంది. హెడ్‌ఫోన్లలో శత్రువులు నవ్వుకుంటున్నారు. వాళ్ల వెనకాల ఏదో ఫ్యాన్ కిర్రుమంటోంది, అచ్చం ఈ గది ఫ్యాన్‌లాగే. ఇక్కడి చప్పుడే దూరుతోందేమోనని హెడ్‌ఫోన్లు చెవులకు గట్టిగా అదుముకుంది. కిర్రు ఇంకా పెద్దగా వినిపించింది.

చెయ్యి చాపి ఫ్యాన్ ఆపేసింది. కిర్రు ఆగింది. అటువైపు నవ్వులూ ఆగిపోయాయి.

తర్వాత ఒక గొంతు, ఆమె భాషలోనే, ఆప్యాయంగా అంది. "ఫ్యాన్ వేసుకో తల్లీ, ఉక్కపోస్తుంది. మీ తమ్ముడు కొండ దిగేశాడులే."