ఊపిరి బిగబట్టిన ఫొటో

అది దుందుభి వాగు పొంగి బాట తెగిన ఏడు. జడ్చర్ల ఫొటో స్టూడియోలో నర్సింగమ్మ తన మొగుడి ఫొటోను తిప్పి తిప్పి చూసింది. మొహం అలుక్కుపోయి ఉంది.

"గాలయ్య మామకు దమ్ము రోగం గదా అత్తా. ఊపిరి బిగవట్టుమంటే వట్టలే, కదిలిండు," అన్నాడు స్టూడియో రఘుపతి. ఫొటో చెడినప్పుడల్లా ఎవరికైనా చెప్పే మాటే అది.

"మొఖం నల్లవడేదాంక బిగవట్టిండు బిడ్డా. యెనక గోడ గూడ కదిలిందా?"

రఘుపతి ఫొటో అందుకున్నాడు. అందులో గోడ మీది క్యాలెండరు అంకెలు కూడా అలుక్కుపోయాయి. లేచి స్టాండు మీది కెమెరా మీట నొక్కి చూశాడు. టక్కుమని కెమెరానే అదిరింది.

"రేపు పట్నం దవాఖానకు తోల్కపోతున్న. మల్లొస్తడో రాడో," అందామె.

తెల్లారి బస్సు రాకముందే రఘుపతి కెమెరా, స్టాండు పట్టుకొని వాళ్లింటికి పోయాడు. స్టాండు అదరకుండా దానికి జొన్నల మూట వేలాడదీశాడు.

"మామా, నువ్వు మంచిగ ఊపిరి పీల్చుకో. నేను బిగవడ్త," అన్నాడు.