కాగితం తెచ్చినవాడు

మధ్యాహ్నం మిల్లు కూత వేసిన కాసేపటికి, నల్లకోటు తొడుక్కున్న ఓ దొర చెక్కమెట్లెక్కి కొండవాడకు వచ్చాడు.

పెరళ్లలో బట్టలు ఉడకేస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

ఆ వాడలో అంతా స్లోవాకులే. పెన్సిల్వేనియా ఉక్కు మిల్లులో పనికని సముద్రం దాటి వచ్చినవాళ్లు. అక్కడికి కోటువాడు వచ్చాడంటే కంపెనీ పనిమీదే వచ్చి ఉండాలి.

"వెరోనా?" అన్నాడు అతను. ఆ తర్వాత అన్నదంతా ఇంగ్లీషు.

"నీకోసమేనే వెరోనా! పీనుగ మీద వాలడానికి కాకి వచ్చింది చూడు" అంది ముసలి బార్బోరా.

వెరోనా గంగాళం పక్కనుంచి లేచింది.

ఆమె మొగుడు యురాయ్ చచ్చిపోయి ఏడు వారాలు. క్రేను గొలుసు తెగి, మరిగే ఉక్కు అతని మీదా, పక్కింటి కత్రేనా మొగుడి మీదా ఒలికిపోయింది. పాతిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. చల్లబడ్డ ఉక్కుముద్దనే పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఎనిమిది మంది కూడా దాన్ని మోయలేకపోయారు.

యురాయ్ తాగి పనికొచ్చాడనీ, తప్పంతా అతనిదేననీ కంపెనీ అంది.

వెరోనా కోర్టుకెక్కింది. విచారణకి ఇంకా రెండ్రోజులుంది.

పోయిన వారం ఇలాంటి కోటువాడే కత్రేనా ఇంటికొచ్చి, తియ్యగా మాట్లాడి, ఓ కాగితం మీద వేలిముద్ర వేయించుకుపోయాడు. కోర్టుకు పోనని ఆమె ఒప్పుకున్నట్టు అందులో రాసి ఉందట. ఆ మర్నాడే కంపెనీ ఇంట్లోంచి ఆమె సామాను వీధిలో పడింది.

నల్లకోటు మనిషి లోపలి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"తీశాడే! వీడూ తీశాడు!" అని అరిచింది బార్బోరా.

రాత్రి పనిచేసి వచ్చి పడుకున్న మగవాళ్లు బయటికొచ్చారు. అందరికంటే ముందు యురాయ్ తమ్ముడు గాష్పర్.

"ఏంటి వదినా?"

"కాగితం తెచ్చాడు."

గాష్పర్ అతని ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"వేలిముద్ర కావాలా దొరా? ఏ వేలు? ఇదిగో, అయిదూ తీసుకో!"

పిడికిలి మూతి మీద పడింది. పళ్లు రాలాయి. టోపీ దొర్లుకుంటూ మెట్ల కిందికి పోయింది.

అతను తిరిగి కొట్టలేదు. రెండు చేతులూ పైకెత్తి, నోట్లో నెత్తురుతోనే గబగబా ఏదో చెప్పాడు. వెరోనాకి రెండే మాటలు అర్థమయ్యాయి. యురాయ్. కంపెనీ.

"విన్నారా? కంపెనీ అంటున్నాడు! వాడి నోటితోనే ఒప్పుకుంటున్నాడు!" అని గాష్పర్ అందరివైపూ తిరిగాడు.

అతను గాష్పర్‌ని దాటుకుని వచ్చి, కాగితం వెరోనా చేతికివ్వబోయాడు.

"నా మొగుణ్ణి తాగుబోతంటార్రా మీరు!"

వెరోనా కుతకుతలాడుతున్న సబ్బునీళ్లు చేతికందిన బకెట్‌తో ముంచి, అతని మొహాన కొట్టింది.

అతను అరిచాడు. అలాంటి అరుపు ఆమె ఎన్నడూ వినలేదు. యురాయ్‌కి అరిచే వ్యవధి కూడా దొరకలేదు మరి.

కళ్లు తెరవలేక, మెట్ల పక్క కమ్మీ కోసం చేతులతో తడుముకున్నాడు. గాష్పర్ ఇనప కడ్డీతో వీపు మీద బాదాడు. ఇంకెవడో మోకాలి మీద కొట్టాడు. బార్బోరా ఉమ్మేసింది.

"చాల్లేరా, చస్తాడు" అన్నారెవరో.

"చావనీ. మా అన్న చావలా?"

గాష్పర్ అతని రొమ్ము మీద తన్నాడు.

అరవై మెట్లు. దొర్లి దొర్లి, అడుగున ఇటుకరోడ్డు మీద పడ్డాడు. మెడ ఓ పక్కకు తిరిగిపోయి ఉంది. మళ్లీ కదల్లేదు.

కింద పడ్డ కాగితాన్ని వెరోనా పొయ్యిలో పడేసింది. దాన్ని చదవడం ఆ వాడలో ఎవరికీ రాదు.

తలుపులన్నీ మూసుకున్నాయి. కంపెనీ పోలీసులు గుర్రాల మీద వస్తారు. నిరుడు ఓ రాయి విసిరినందుకే ముగ్గురి తలలు పగలగొట్టారు.

సాయంత్రానికి వచ్చారు. శవాన్ని వెల్లకిలా తిప్పి చూశారు. బండిలో వేసుకున్నారు. ఒకడు కొండవైపు చూసి నవ్వాడు. అంతే. ఎవర్నీ ఏమీ అడక్కుండా వెళ్లిపోయారు.

"భయపడ్డార్రా!" అన్నాడు గాష్పర్, అందరికీ గ్లాసులు నింపుతూ. "మనల్ని చూసి కంపెనీ భయపడింది!"

వెరోనా బొబ్బలెక్కిన చేతికి వెన్న రాసుకుంది. ఏడు వారాల్లో మొదటిసారి కడుపునిండా తింది.

విచారణ రోజు ఆమె లాయరు కూర్చోలేదు. మాటిమాటికీ కోర్టు తలుపు వైపే చూస్తున్నాడు. కంపెనీ లాయరు మాత్రం కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు.

జడ్జి గడియారం చూశాడు. సుత్తి కొట్టాడు.

"ఏమైంది?" అని వెరోనా పక్కనున్న బెన్యోని అడిగింది. అతను స్లోవాకు సంఘం పెద్ద, ఇంగ్లీషు తెలిసినవాడు.

"కేసు కొట్టేశారమ్మా. మన సాక్షి రాలేదు."

"సాక్షా? మనకి సాక్షి ఉన్నాడని నాకెవరూ చెప్పలేదే!"

"ఎవరికీ చెప్పలేదు. పేరు బయటికి పొక్కితే కంపెనీవాళ్లు బతకనివ్వరని లాయరు భయపడ్డాడు. కోర్టుకొచ్చే ముందు నిన్నొకసారి కలవాలని ఆయనే పట్టుబట్టాడు. వద్దంటే వినలేదు. మొన్న మధ్యాహ్నం మీ వాడకని బయల్దేరాడు, మళ్లీ కనబడలేదు."

వెరోనా బల్ల అంచు పట్టుకుంది.

"ఎవరు... ఎవరాయన?"

"టిల్సన్ అని, మిల్లులో గొలుసులు పరీక్షించే ఇంజనీరు. ఆ గొలుసు తెగుతుందని మూడుసార్లు రాసిచ్చి, అలా రాసినందుకే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. దాని నకలే జేబులో పెట్టుకుని నీ దగ్గరికి బయల్దేరాడు. యురాయ్ తాగలేదని చెప్పడానికి ఈ ఊరు మొత్తం మీద ముందుకొచ్చినవాడు ఆయనొక్కడేనమ్మా."