బట్టల బీరువాలో ఆట

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఆ కవిత చదవకు," అంటూ చెల్లెలు తెర వెనక అక్కకి అడ్డుపడింది.

కళాకేంద్రం హాలు నిండిపోయింది. వేదిక మీద ఒకాయన తన కవిత ముగిస్తున్నాడు. తర్వాత చదవాల్సింది అక్కే.

"జరిగిందే రాశానే," అంది అక్క.

"నాన్న పోయి ఏడాదైనా కాలేదు. నలుగురిలో ఆయన పరువు తీస్తావా? ఏనాడైనా మన మీద చెయ్యెత్తాడా?"

"నీ మీద ఎత్తలేదు."

"రెండు గదుల ఇంట్లో నాకు తెలియకుండా నిన్ను కొట్టాడా? చిన్నప్పుడు మనం ఆడుకోవడం తప్ప నాకేమీ గుర్తులేదు."

"ఏం ఆడుకునేవాళ్ళం?"

"దాగుడుమూతలు! నన్ను బట్టల బీరువాలో కూర్చోబెట్టి, చెవులు మూసుకుని గట్టిగా పాట పాడమనేదానివి. ఎంతకీ వచ్చేదానివి కాదు. నాకు నిద్ర పట్టేసేది. అదేం ఆటే, దాచేదీ నువ్వే, వెతికేదీ..."

చెల్లెలి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. దాక్కున్న వాళ్ళని పాట పాడమని ఎవరైనా చెబుతారా?

"నాన్న తాగొచ్చిన రోజుల్లోనే కదూ?" అంది మెల్లగా.

అక్క చెల్లెలి తల నిమిరింది. బయట చప్పట్లు మోగాయి. మైకులో ఆమెను పిలిచారు.

"ఏడవకే. వేరేది చదువుతాలే," అంది అక్క, కాగితం మడుస్తూ.

చెల్లెలు కళ్ళు తుడుచుకుంది.

"వద్దు, అదే చదువు. ఒక్కదానివే వెళ్ళకు. నేనూ వస్తాను."