మిగిలిన పట్టీలు

"ఇంట్లో పట్టీలు ఏమన్నా మిగిలినాయా అన్నా?"

గడప బయట నిలబడి అడిగిందామె. నల్ల బురఖా, దుమ్ము పట్టిన చెప్పులు, చేతిలో చిన్న గుడ్డమూట.

ఓబులయ్య తల ఎత్తాడు. భార్య సుబ్బులు పోయి ఆ రోజుకు పదమూడు రోజులు.

"ఏం పట్టీలు? ఎవరు నువ్వు?"

"షాహిదాబీ అంటారన్నా. మాది మార్కాపురం. ఒకసారి కర్నూలు బస్సులో మీ ఇంటామె పక్కన కూర్చున్నా. క్యాన్సర్ నొప్పికి భుజం మీద అంటించుకున్న పట్టీ చూసినా. పోయిందని తెలిసి వచ్చినా. మిగిలినవి ఉంటే ఇయ్యి. ఆసుపత్రిలో అప్పజెప్తా."

"చచ్చినామె చీరలు అడిగేవాళ్లను చూసినా. మందులు అడిగేదాన్ని నిన్నే చూస్తున్నా."

పక్కింటి రాధిక గోడ మీదుగా తొంగి చూసింది.

"మత్తు కోసం అట్లాంటివి కొనేవాళ్లు ఉన్నారంట మామా. టీవీలో చెప్పినారు."

"విన్నావా? ఎన్ని ఇళ్ల పట్టీలు పోగేసినావు ఆ మూటలో?"

షాహిదాబీ మూటను బురఖా మడతలోకి లాక్కుంది. ఆమె మత్తుకు అమ్ముకునేదేనని ఓబులయ్యకు ఇక సందేహం లేదు.

"అది దుకాణంలో దొరికే నొప్పి పట్టీ కాదన్నా. మీ ఇంటామె ఒళ్లు అలవాటు పడింది, తట్టుకునింది. ఇంకొకరికి అంటిస్తే ఊపిరి ఆగిపోతాది. వేడి తగిలితే ఇంకా తొందరగా. మా ఇంట్లో..."

"మీ ఇంటి సంగతి నాకెందుకు? నడువు."

ఆమె అరుగు మీదున్న పలక తీసుకుని, బలపంతో ఫోన్ నంబరు రాసి గోడకు ఆనించింది.

"ఎప్పుడన్నా ఫోన్ చెయ్యన్నా. నేనే వస్తా."

ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆగి, ఓబులయ్య పలక మీద ఉమ్మి అరచేత్తో తుడిచేశాడు. బళ్లో నేర్చుకున్న వాటిలో అతనికి బాగా వచ్చింది అదొక్కటే.

పట్టీలు ఐదు ఉన్నాయి. బీరువాలో, సుబ్బులు గాజుల పక్కన. ఇచ్చేటప్పుడు డాక్టరు జాగ్రత్తలన్నీ చెప్పాడు. మిగిలితే తెచ్చివ్వమన్నాడు. ఆ మాటలు శ్రద్ధగా విన్నది సుబ్బులు ఒక్కతే.

కవిత అతని ఒక్కగానొక్క కూతురు. పలకల ఫ్యాక్టరీలో పని మానుకుని నాలుగు నెలలు తల్లిని ఎత్తింది, దించింది, కడిగింది. ఆ ఎత్తడంలోనే నడుము పట్టేసింది. మళ్లీ పనిలోకి పోదామంటే వంగలేకపోతోంది. వంగితే లేవలేకపోతోంది.

ఆ రోజు సాయంత్రం ఓబులయ్య బీరువా తెరిచాడు.

"అమ్మ పట్టీనా? ఎవరో వచ్చి వద్దని చెప్పినారంట గదా నాయనా?"

"ఏందో వాగి పోయింది. చావబోయే మనిషికే నొప్పి తగ్గించింది, నీ నడుము ఒక లెక్కా?"

నడుము మీద ఒకటి అంటించాడు.

తెల్లారినా నొప్పి తగ్గలేదు. ఒకటి చాలదనుకుని పక్కనే రెండోది అంటించాడు. కాపడం పెడితే మందు లోపలికి దిగుతుందని, పెనంలో కల్లుప్పు వేయించి గుడ్డలో మూట కట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో భార్యకు ఒక్కనాడూ పెట్టని కాపడం, కూతురికి ఆ పూట మూడుసార్లు పెట్టాడు.

"నువ్వు పొయ్యి ముట్టించినావంటే అమ్మ నమ్మదు నాయనా" అని నవ్వింది కవిత. మాట ముద్దగా వచ్చింది.

"తగ్గిందా?"

"హాయిగా ఉంది."

"పండుకో మరి."

మధ్యాహ్నానికి గురక మొదలైంది. ఓబులయ్య సంతోషించాడు. నాలుగు నెలల తర్వాత పిల్ల ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. కూర గిన్నెతో వచ్చిన రాధికను గుమ్మంలోనే ఆపాడు.

"లేపొద్దు."

కాసేపటికి గురక ఆగింది. అప్పుడూ సంతోషించాడు.

నాలుగింటికి టీ గ్లాసు పట్టుకుని లోపలికి పోయాడు. కవిత పెదాలు నీలంగా ఉన్నాయి. పిలిచాడు. కుదిపాడు.

గ్లాసు పడేసి పలక దగ్గరికి పరిగెత్తాడు. ఉమ్ము ఆరిన మరక తప్ప దాని మీద ఏమీ లేదు.

రాధిక ఫోన్ చేస్తే 108 వచ్చింది. వచ్చినవాళ్లు నాడి చూశారు, కళ్లు చూశారు, నడుము మీది పట్టీలు చూశారు. తర్వాత ఓబులయ్య వైపు చూశారు.

మూడో రోజు షాహిదాబీ మళ్లీ వచ్చింది. రాధిక గోడ మీదుగా చూసింది. ఈసారి వెంటనే తల దించేసింది.

ఓబులయ్య బీరువాలోంచి మూడు పట్టీలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"తిట్టమ్మా నన్ను."

"తిట్టనన్నా."

"ఎందుకు తిట్టవు? చెప్పినా వినకుండా నిన్ను తరిమినా గదా. ఊరంతా వినేటట్టు తిట్టు."

ఆమె గడప పక్కన నేల మీద కూలబడింది.

"ఆ పొద్దు మా ఇంట్లో అని ఏందో చెప్పబోయినావు. ఏందమ్మా అది?"

షాహిదాబీ గుడ్డమూట విప్పి అతని ముందు పెట్టింది.

అందులో పట్టీలు లేవు.

ఉన్నది మాడి గడ్డకట్టిన కల్లుప్పు. ఆరేళ్ల కిందట, భర్త పోయాక మిగిలిన పట్టీని కొడుకు అల్తాఫ్ నడుముకు అంటించి, దాని మీద ఆమె తన చేత్తో పెట్టిన కాపడం.