వాడేది ఒక్కరేనా?

తెల్లారితే ఆమెకు ఉద్యోగ పరీక్ష. అందులో కొత్త కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాయాలంటే ముందు ఆ భాషను కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆమె కూర్చోబోతుంటే, రాత్రి డ్యూటీకి బయల్దేరిన భర్త నవ్వాడు.

"దాహమేశాక బావి తవ్వుతున్నావా?"

"మీ అంట్లు అయ్యాకేగా నాకు తీరిక!" అని ఆమె అతని వెనకే గడియ పెట్టింది.

'ఈ కంప్యూటరు వాడేది మీరొక్కరేనా?' అని తెర అడిగింది. 'అవును' నొక్కింది. టిక్కు గుర్తు దానంతటదే 'కాదు' మీదికి జరిగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ జరిగింది.

ఆమెకు ఒళ్లు మండింది. "ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నాకంటే నీకెక్కువ తెలుసా?"

వెనక గదిలో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. ఆమె తల తిప్పలేదు. వేలు 'అవును' మీదే అదిమిపెట్టింది.

"ఎవరైతే నాకేం? ఈ ఒక్క రాత్రీ నాది!"

చప్పుడు గుమ్మం దాటింది. కుర్చీ వచ్చి ఆమె పక్కనే ఆగింది.